కొండాపూర్‌లో గోదావరి దాటిన పొద్దు

హైదరాబాదుకొచ్చిన మొదటి వారంలోనే నేనొక అబద్ధమాడాను. మా తాతకు గోదావరి మీద పడవ ఉండేదని చెప్పాను.

ఎవరినీ మోసం చేయాలని కాదు. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, ఎనిమిదో అంతస్తులో క్యాంటీను, బల్ల చుట్టూ పదిమంది ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. ఈ ఊళ్ళో పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒకటే, మీదెక్కడ అని. నేను మా జిల్లా పేరు చెప్పగానే బల్ల మీద చెంచాలు ఆగిపోయాయి. "అయితే ఇంటి ముందే గోదావరాండీ? పడవల మీదే తిరిగేవాళ్ళా?" అని అడిగారు. నిజానికి మాది జిల్లాలో మెట్టప్రాంతం. మా ఊళ్ళో నీళ్ళంటే బోరింగు. గోదావరిని నేను చూసిందల్లా రైలు కిటికీలోంచే. ఒకసారి అందరిలాగే వంతెన మీదినుంచి రూపాయి బిళ్ళ విసిరితే అది కడ్డీకి తగిలి తిరిగొచ్చి పెట్టెలోనే పడింది. కానీ అంతమంది అంత ఆశగా చూస్తుంటే బోరింగు గురించి చెప్పబుద్ధి కాలేదు.

ఆ అబద్ధాన్ని నేను బాగా మేపాను. మొదటి ఏడాది తాతకు పడవ మాత్రమే ఉండేది. రెండో ఏడాదికి దానికి తెరచాప వచ్చింది. మూడో ఏడాది టీమ్ అవుటింగ్‌లో ఎవరో కదిలిస్తే, పన్నెండేళ్ళ వయసులో భాద్రపదం వరదలో నేనే తెడ్డు పట్టి అవతలి ఒడ్డుకు పోయానని చెప్పేశాను. పోస్టాఫీసులో ముద్రలు కొట్టుకుంటూ బతికిన మా తాత ఆ సంగతి వింటే ఏమనేవాడో తెలియదు. ఆయనకు బకెట్లో చన్నీళ్ళు చూసినా జలుబు చేసేది.

ఆఫీసులో మొదలైన కథ అపార్ట్‌మెంటుకూ పాకింది. దాన్ని అందరికంటే శ్రద్ధగా విన్నది మా ఇస్త్రీ అక్క.

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు ఒక పల్లపు సందు చివర ఉంది. గేటు బయట కాంపౌండు గోడ నీడన ఆమె ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె, ఒక తడిగుడ్డ, చిన్న రేడియో. యాభై దాటిన మనిషి, భుజాలు మాత్రం పహిల్వానువి. ఆ భుజాలు ఇస్త్రీ పెట్టె వల్లే వచ్చాయనుకునేదాన్ని. ఆమె ఇల్లు సందుకు అవతల గట్టు మీద, రేకుల గదుల వరుసలో. ఆమెది ఏ ఊరో నేను సరిగ్గా ఎన్నడూ అడగలేదు. "గటు కరీంనగర్ దిక్కు" అని ఒకసారి అంది, నేను తలూపి ఊరుకున్నాను. గోదావరి మా జిల్లాల్లోనే పుట్టి మా జిల్లాల్లోనే పారుతుందని మావైపు వాళ్ళందరికీ ఉండే నమ్మకం నాకూ ఉండేది. పైన ఎంత నది ఉందో మ్యాపు తీసి చూసే ఓపిక మాకుండదు.

వరద దాటిన కథ ఆమెకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"సూటిగనే పోయినవా మేడం?"

"సూటిగానే అక్కా. అవతలి రేవులో లాంతరు కనిపిస్తోంది. దానికే గురిపెట్టాను."

ఆమె చొక్కా మీద నీళ్ళు చిలకరించి, "మంచిగ పోయినవ్" అని పెట్టె దించింది. ఆవిరి లేచింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆమెకు ఒక్కతే కూతురు. నర్సింగు చదివింది. ఆ పిల్ల పదో తరగతి మెమో దగ్గర్నుంచి నర్సింగు రిజిస్ట్రేషను దాకా అసలు కాగితాలన్నీ ఉన్న ఫైలు మా ఇంట్లో, నా బీరువాలో, పట్టుచీరల కింద ఉండేది. రేకుల గది వానకు కారుతుంది కదా. మా సందులో ఇది మామూలే. రేకుల గదుల వాళ్ళు తాము పనిచేసే ఇళ్ళలో నమ్మకమైన ఇల్లొకటి చూసుకుని, బంగారం కంటే ముందు పిల్లల సర్టిఫికెట్లు దాచుకుంటారు. అక్క ఏటా ఎండాకాలం చివర తెచ్చి ఇచ్చేది, దీపావళి దాటాక తీసుకెళ్ళేది.

ఆ ఏడు పిల్లకు సర్కారు దవాఖానాలో ఉద్యోగానికి జాబితాలో పేరొచ్చింది. ఒక రోజు, ఒక సమయం ఇచ్చారు. పొద్దున పదకొండు గంటలకు అసలు కాగితాలతో వచ్చి చూపించాలి. రాకపోతే జాబితాలో కింది పేరును పిలుస్తారు. ముందురోజు సాయంత్రం ఫైలు కోసం వచ్చిన అక్క ఆకాశం వంక చూసి, "ఇంట్ల ఇప్పటికే కారుతున్నది. పొద్దుగాల వచ్చి తీస్కపోత" అని ఉత్తచేతులతో వెళ్ళిపోయింది. ఇద్దరికీ అది చాలా తెలివైన ఆలోచనగా తోచింది.

పొద్దున లేచేసరికి మా సందు నది అయిపోయింది.

పైన చెరువు అలుగు దూకిందట. బాల్కనీలోంచి చూస్తే మా గేటుకూ అవతలి గట్టుకూ మధ్య వంద అడుగుల వెడల్పున ఎర్రటి నీళ్ళు పరుగెడుతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీలు, కొబ్బరి మట్టలు, ఎవరిదో హెల్మెట్ వరసగా ఊరేగుతూ పోతున్నాయి. రోడ్డు మధ్యలో ఒక పాలబండి ఆగిపోయి సగం మునిగి నిలబడింది. దాని డ్రైవరు నీళ్ళు పెరగకముందే దిగి మా గేటు దగ్గరికి చేరుకుని టీ తాగుతున్నాడు. నడుంలోతే కదా, నడిచి పోదామంటే వాచ్‌మన్ గేటుకు అడ్డంగా తాడు కట్టి ఎవరినీ దిగనివ్వడం లేదు. కేబుళ్ళ కోసం తవ్విన గుంత, మూతలేని డ్రైనేజీ ఆ నీళ్ళ కింద ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. పొద్దున్నే స్కూటరు మీద సాహసం చేసిన ఒకాయన్ను నలుగురు కలిసి బయటికి లాగారు. స్కూటరు మాత్రం సాహసం మానలేదు, అలాగే పోయింది. సాయానికి ఫోన్ చేస్తే, సెల్లార్లలో చిక్కుకున్నవాళ్ళ దగ్గరికి ముందు పోవాలి, మీ దగ్గరికి మధ్యాహ్నానికి పడవ వస్తుందన్నారు. న్యాయమైన మాటే.

ఎనిమిదిన్నరకు అక్క ఫోన్ చేసింది.

"మేడం, ఫైలు పదిలమేనా?"

"పదిలమే అక్కా."

"మరి ఇప్పుడెట్ల?"

గొంతులో పరేషాన్ ఉంది కానీ ఏడుపు లేదు. వెనకనుంచి వినిపించే ఏడుపు పిల్లది. అవతలి గట్టు మీద ఎర్ర గొడుగు కింద ఇద్దరూ నిలబడి ఉండటం నాకు కనిపిస్తోంది. తొమ్మిదిన్నర దాటితే ఆ ట్రాఫిక్‌లో పదకొండుకు చేరడం కుదరని పని.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సంగతి రాశాను. ఐదు నిమిషాల్లో నలభై సలహాలొచ్చాయి. డ్రోన్‌కు కట్టి పంపుదామన్నారు ఒకరు. ఎవరి దగ్గరా డ్రోన్ లేదు. ప్లాన్ ఏ, ప్లాన్ బి అని గళ్ళు గీసి ఒకాయన షీటు తయారుచేశాడు. ప్లాన్ ఏ గడి ఖాళీగా ఉంది. అప్పుడు మా పై అంతస్తు అన్న ఒక్క ముక్క రాశాడు. "నా దగ్గర బోట్ ఉన్నది."

ఆ అన్న వరంగల్ మనిషి, ఏదో కంపెనీలో మేనేజరు. వస్తువులు కొనడం ఆయన బలహీనత. గాలి నింపే పడవనొకదాన్ని రెండేళ్ళ కిందట కొని, అట్టపెట్టె విప్పకుండా అటక ఎక్కించాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి పైన ఇస్త్రీ చొక్కా, దాని మీద లైఫ్‌జాకెట్, కింద నిక్కరు. తొమ్మిదింటికి మీటింగ్ ఉందట. కెమెరాకు నడుం పైభాగం చాలట. రెండో లైఫ్‌జాకెట్ నా చేతికిచ్చి అన్నాడు.

"మీది గోదావరి గదా మేడం. మీరు తెడ్డు పడితే నాకేం ఫికర్ లేదు."

బాల్కనీలన్నీ నావైపు తిరిగాయి. నా కథ అందరికీ గుర్తుంది. రెండో అంతస్తు ఆవిడైతే, "పన్నెండేళ్ళకే వరదలో దాటిన మనిషండీ" అని పక్కింటావిడకు నన్ను చూపిస్తోంది. అంత భయంలోనూ ఆ పొగడ్త నాకు తియ్యగానే ఉంది. నడుం నిటారుగా పెట్టి నిలబడ్డాను కూడా. నా బుద్ధి అలాంటిది.

కాగితాలు తడవకుండా ఎలా అన్నది తర్వాతి సమస్య. మా ఇంట్లో గట్టి మూత ఉన్నది ఒక్క జంతికల డబ్బాకే. దాని మూత తీయాలంటే ఇద్దరు కావాలి, ఒకరు డబ్బాను పట్టుకోవడానికి, ఒకరు తిట్టడానికి. దాన్ని కిందికి తెచ్చి జంతికలన్నీ పేపరు మీద కుమ్మరించాను. కడిగితే తడి ఉంటుందని పొడిగుడ్డతో తుడిచి, ఫైల్లో కాగితాలన్నీ చుట్టగా చుట్టి లోపల దించి, ముగ్గురం కలిసి మూత కొట్టాం. జనం జంతికలు నములుతూ వంతులవారీగా కాలిపంపు తొక్కారు. పాలబండి డ్రైవరు కూడా తొక్కాడు. పడవకు ప్రాణం వచ్చేసరికి గేటు దగ్గర పెళ్ళివారి విడిదంత సందడి.

తెడ్డు నా చేతికిచ్చారు. అది రెండు ముక్కలుగా వచ్చింది. ఏ ముక్క ఎందులోకి దూరుతుందో తెలియక తిప్పి తిప్పి చూస్తుంటే మళ్ళీ ఫోన్ మోగింది. "తెడ్డు పట్టినవా మేడం?" అంది అక్క. నేను మెల్లగా కారు షెడ్డు వెనక్కి పోయాను. డబ్బాలో ఉన్నది ఆ పిల్ల బతుకు. నా గొప్ప కోసం దాన్ని నీళ్ళపాలు చేసే హక్కు నాకు లేదు.

"అక్కా, నాకు పడవ రాదు" అన్నాను. "మా తాతకు పడవ లేదు. ఆయన పోస్టాఫీసులో చేసేవాడు. నేను గోదావరిలో కాలు కూడా పెట్టలేదు."



"సరే తియ్" అంది ఆమె. "నాకు వస్తది. మా నాయిన రేవు నడిపిండు. పెండ్లయ్యేదాక తెడ్డు నేనే ఏసిన."

"ఏ నది మీద అక్కా?"

"ఇంకే నది? గోదారే. మీ దిక్కు వచ్చే నీళ్ళు మా దగ్గర్నుంచే వస్తయ్ గద మేడం."

సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. నాకు నవ్వొచ్చింది. భయానికి వచ్చిన నవ్వు, ఎంత ఆపుకున్నా ఆగలేదు. అది విని ఆమెకూ నవ్వొచ్చింది. "ఇగ నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలె" అంది. "జర గూడ సొంత తెలివి పెట్టకు." ఆ షరతు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

అన్నకు కూడా నిజం చెప్పేశాను. ఆయన నా మొహం, నీళ్ళ మొహం మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు చెప్తరా మేడం గీ ముచ్చట" అని నిట్టూర్చి, "జాకెట్ తొడిగిన, ఇంతమంది ముందల ఇప్పితే ఇజ్జత్ పోతది" అంటూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని పడవ ముందు భాగంలో కూర్చున్నాడు. నేను ఫోన్‌కు పాలిథిన్ కవరు తొడిగి, స్పీకరు పెట్టి, మెడలో వేలాడేసుకున్నాను.

"మొదలు నీళ్ళు పెరుగుతున్నయా తగ్గుతున్నయా చూడు" అంది ఫోన్. "గోడ మీద తడి గీత ఏడున్నది, నీళ్ళు ఏడున్నయ్?"

గీత నీళ్ళకు నాలుగు వేళ్ళు పైన ఉందని చెప్పాను.

"అయితే తగ్గుతున్నయ్. పెరిగే నీళ్ళు పైకెల్లి ఏం మోస్కొస్తయో తెల్వదు. మొద్దులొస్తయ్, కొట్టం మీది వాసాలొస్తయ్. తగ్గెటప్పుడు సగం భయం లేదు."

"మిగతా సగం అక్కా?"

"అది ఉండాలె."

వాచ్‌మన్ ఈలోగా తాడు తెచ్చి పడవ పక్కకు ముడి వేయబోయాడు. ఆ మాట చెప్పగానే ఫోన్ గట్టిగా అరిచింది. "పక్కకు కట్టొద్దు. తాడు గుంజంగనే అడ్డం తిరిగి నీళ్ళు తాగుతది. ముక్కుకు కట్టు. మనిషి నడుముకైతే అసలే కట్టొద్దు." వాచ్‌మన్ బుద్ధిగా పడవ ముక్కుకు కట్టి, రెండో కొస పడవలో చుట్టగా పడేశాడు. ఫోన్‌కు నమస్కారం కూడా పెట్టాడు.

అవతలి గట్టు మీద ఎర్ర గొడుగు సరిగ్గా మా ఎదురుగా ఉంది. నేను సహజంగానే పడవ ముక్కు అటు తిప్పాను.

"నా దిక్కు తిప్పకు" అంది. "నా దిక్కు తిప్పితే కింద ఆ ఇనుప జాలికాడ తేల్తవ్."

కిందికి చూశాను. నీళ్ళు పోయే వైపు ఒక ఖాళీ లేఅవుటు చుట్టూ ఇనుప జాలి ఉంది. దానికి మంచం పట్టీ ఒకటి, రెండు బస్తాలు, ఒక చెట్టుకొమ్మ అతుక్కుపోయి ఉన్నాయి. నీళ్ళు మాత్రం వాటి సందుల్లోంచి దర్జాగా పోతున్నాయి.

"నీళ్ళు జాలిల నుంచి పోతయ్. నువ్వు పోవు" అంది అక్క. ఆ ఒక్క మాటతో నా నవ్వంతా అణిగింది. "గోడ పట్టుకోని పైకి పోండ్రి. మూలమలుపు దాక పోయినంకనే ఇడవాలె. ఎంత పైకి పోతే అంత మంచిగ దాటుతవ్."

గోడ గ్రిల్లు పట్టుకుని ఒక్కో అడుగే ఎదురు లాక్కుంటూ పోయాం. మూల దగ్గర నీళ్ళను చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమంది. కొన్నిచోట్ల అలలు చిన్నగా గరుకుగా ఉన్నాయి, మధ్యలో మాత్రం నూనె రాసినట్టు నున్నగా ఉంది. నున్నగా ఉన్నవైపు పోతే సుఖమనుకున్నాను.

"గరుకున్న కాడ కింద ఏదో ఉన్నట్టు, రాయో డివైడరో. నునుపున్న కాడ లోతు, గుంజుడు ఎక్కువ. గుంట లెక్క తిరిగే కాడ మూతలేని మోరీ ఉంటది, దాని జోలికే పోవద్దు. ఇప్పుడు పాలబండి ఎనుక చూడు. ఆకులు ఎటు పోతున్నయ్?"

చూశాను. నమ్మలేకపోయాను. నదంతా కిందికి పోతుంటే, బండికి కిందివైపు కొంచెంమేర నీళ్ళు వెనక్కి తిరిగి పైకి వస్తున్నాయి. ఆకులు, పాలప్యాకెట్లు అక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అడ్డం నిలబడ్డదాని ఎనుక నీళ్ళు మర్లి వస్తయ్. అది నీకు అరుగు. అండ్లకు పోయి దమ్ము తీస్కో. ముక్కు నీళ్ళకు ఎదురుంచు, జర నా దిక్కు ఒంచు. తెడ్డు ఆపకు. నిన్ను దాటించేది నువ్వు గాదు, నీళ్ళే."

గోడ వదిలాం. పడవ వెంటనే నా మాట వినడం మానేసి తన చుట్టూ తాను ఒక పూర్తి ప్రదక్షిణం చేసింది. బాల్కనీలు చప్పట్లు కొట్టాయి. అది గోదావరి పద్ధతి అనుకున్నారట. రెండో చుట్టు మొదలవకముందే, "కుడి దిక్కు ఏస్తున్నవ్, ఎడమ దిక్కు ఏయ్" అని ఫోన్ అరిచింది. ఎడమవైపు నాలుగు బలంగా వేశాను. ముక్కు లేచి నీళ్ళకు ఎదురు నిలిచింది. అప్పుడు జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మేం పైకి పోదామని తెడ్డు వేస్తున్నాం, పడవ మాత్రం పక్కకు జారుతోంది, ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టు.

మేం కొంచెం ముందే జారాం. పాలబండి పెద్దదవుతూ మీదికి వచ్చేసింది. పడవ పక్క దానికి తగలబోతోంది. అన్న, నేను ఇద్దరం ఒక్కసారే దానికి దూరంగా వెనక్కి ఒరిగాం. వెనకవైపు అంచు మీదినుంచి నీళ్ళు చల్లగా నా ఒళ్ళోకి వచ్చాయి.

"బండి మీదికే ఒరుగుండ్రి" అంది అక్క. గొంతు మొదటిసారి వణికింది. "దూరం ఒరిగితే మునుగుతరు. దానిమీదికే పోండ్రి."

ఒంట్లో ప్రతి ఎముకా వద్దంటోంది. అయినా సొంత తెలివి పెట్టనని మాటిచ్చాను కదా, వెళ్ళి పాలబండిని కౌగిలించుకున్నాను. అన్న కూడా ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో బండి అద్దం పట్టుకుని చెంప ఆనించాడు. అంచు పైకి లేచింది. నీళ్ళు రావడం ఆగింది. బండి ఒంటిని తడుముకుంటూ మూల దాకా పోయి వదిలేసరికి, వెనకనున్న ఆ వెనక్కి తిరిగే నీళ్ళు మమ్మల్ని మెల్లగా లోపలికి లాక్కుని పక్కన కూర్చోబెట్టాయి.

చుట్టూ హోరు, మధ్యలో మేం కదలకుండా ఉన్నాం. పాలప్యాకెట్లు మా చుట్టూ తిరుగుతున్నాయి. అన్న జేబులో ఫోన్ మోగింది. ఆయన తీసి, చాలా మర్యాదగా, "సారీ, నేను కొంచెం ఫీల్డ్‌లో ఉన్న. ఐదు నిమిషాల్ల జాయిన్ అయిత" అని పెట్టేశాడు. మా ఇద్దరికీ నవ్వు పట్టుకుంది. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. ఆ నవ్వులో కూడా ఆయన చెయ్యి డబ్బా మూత మీంచి తీయలేదు.

రెండో సగం మొదటిదానికంటే బాగా వచ్చింది. ఎర్ర గొడుగుకు చాలా పైన, ఎవరూ లేని చోటుకు గురిపెట్టాను. నీళ్ళు వాటి పని అవి చేశాయి. సరిగ్గా గొడుగు ముందుకే వచ్చి ఆగాం. అక్క మోకాళ్ళలోతు దిగి ముక్కుకున్న తాడు పట్టుకుని లాగింది. పడవను కాదు, డబ్బాను ముందు తీసుకుంది. మూత ఒక్కతే తీసింది. ఆ భుజాలు ఎక్కడివో అప్పుడర్థమైంది.

కాగితాలు పొడిగా ఉన్నాయి. పిల్ల వాటిని విప్పి ఒక్కొక్కటి చూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "వాము వాసనొస్తున్నయ్ ఆంటీ" అంది. నా రెండు చేతులూ పట్టుకుని నొక్కి, అప్పటికే పిలిచి ఉంచిన ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. తొమ్మిదీ ఇరవై ఐదు. అక్క వెంట పోలేదు. లోపలికి తననెలాగూ రానివ్వరని, గేటు బయట నిలబడితే పిల్లకు తన ధ్యాసే ఉంటుందని అంది.

నేను గట్టు మీద కూలబడ్డాను. "అక్కా, నేను అబద్ధం చెప్పానని బాధపడ్డావా?"

"తెల్సు గద" అంది.

"ఇందాక చెప్పాక."

"నువ్వు ముచ్చట చెప్పిన్నాడే తెల్సు. లాంతరుకు గురిపెట్టి సూటిగ పోయిన అన్నవ్."

ఆరేళ్ళు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆమె నాతో ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుందో నాకే లెక్క లేదు. మరి ఎందుకు విన్నావని అడిగాను. ఆమె నీళ్ళ వంక చూస్తూ చెప్పింది.

"మా ఊరు బ్యారేజీ నీళ్ళ కింద పోయింది మేడం. రేవు గూడ పోయింది. ఇప్పుడక్కడ పారుడు లేదు, నిలవ నీళ్ళే. ఈడ నాతోని గోదారి పేరెత్తెటోళ్ళు నువ్వు తప్ప ఎవరున్నరు? అబద్ధమైతేంది, ఇనబుద్ధయ్యేది."

అబద్ధం చెప్పేవాళ్ళకు పిల్ల కాగితాలెందుకిచ్చావని అడిగాను. "పడవ ముచ్చట్ల అబద్ధమాడినవ్" అంది. "ఫైలు ముచ్చట్ల ఎన్నడాడలే."

తిరిగి పోవాలి కదా. నేను తెడ్డు తీసుకోబోతే ఆమె అందుకుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వెనక కూర్చుని, తెడ్డును నీళ్ళలో ఒకసారి ముంచి బరువు చూసుకుంది. ముప్పై ఏళ్ళ తర్వాత పట్టిందట. మూడు తోపుల్లో పాలబండి వెనకకు, మరో నాలుగింట్లో మా గేటుకు. చప్పుడు కూడా కాలేదు. నేను ప్రదక్షిణం చేసిన చోట ఆమె పడవ గీత గీసినట్టు పోయింది. బాల్కనీలు ఈసారి చప్పట్లు కొట్టడం మరచిపోయాయి.

గేటు దగ్గర అన్న దిగి పరుగున మీటింగ్‌కు పోయాడు. అక్క దిగలేదు. దవాఖానా డ్యూటీకి పోవాల్సిన ఒకమ్మాయి నిలబడి ఉంటే, రమ్మని చెయ్యి ఊపింది. అన్న విప్పి వదిలేసిన లైఫ్‌జాకెట్ ఆ అమ్మాయికి తొడిగింది. తర్వాత అవతలినుంచి షుగరు మందులు, ఇవతలినుంచి పసిపిల్లకు పాలపొడి. నేను ఆఫీసుకు "నదిలో ఉన్నాను, సెలవు కావాలి" అని మెసేజ్ పెట్టి, నీళ్ళు తోడే చెంబు పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. ఎన్నిసార్లు దాటామో తెలియదు. ప్రతిసారీ పాలబండి వెనక ఒక్క నిమిషం ఆగేది, అలుపొచ్చి కాదు. పన్నెండున్నరకు అక్కడే ఉండగా ఆమె ఫోన్ మోగింది.

పిల్ల గొంతు నాకూ వినిపించింది. "అయిపోయిందే అమ్మా. అన్నీ చూసిండ్రు, సంతకం పెట్టిచ్చుకున్నరు. ఒక సారు కాయితం మొఖం కాడికి తీస్కపోయి, ఏందమ్మా, జంతికల వాసనొస్తున్నది అన్నడు."

అక్క ఫోన్ రొంటిన దోపుకుని తెడ్డు మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె మొహం కూడా తడిగానే ఉంది, వాన చినుకులో కావో. దూరంగా సందు మొగలో సర్కారు పడవ ఎర్రజెండాతో రావడం కనిపించింది. ఇక మా పని అయిపోయినట్టే.

"ఇంకొక్కపారి పోయొద్దామా?" అంది.

పోదామన్నాను. ఆమె ముక్కును నీళ్ళకు ఎదురు తిప్పుతూ మొదలుపెట్టింది. "నాకు పన్నెండేండ్లున్నప్పుడు మేడం, భాద్రపదంల గోదారి నిండుగ ఒచ్చింది. నాయినకు జరం. అవతలి ఒడ్డుకు నేనే పోవాల్సొచ్చింది..."

నేను చెంబు పక్కన పెట్టి బుద్ధిగా విన్నాను. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"సూటిగానే పోయావా అక్కా?"

"నీకేమన్న పిచ్చా?" అంది.